తడిగుడ్డలో నల్లటి అడవి

మా కోవిల్‌పట్టి షెడ్డులో ఒక కొలిమి ఉండేది. స్విచ్చి వేస్తే మూడు వీధుల్లో ఫ్యాన్లు ఆగిపోయేవి. సూర్యుడు కిటికీలోంచి తొంగిచూసి, "ఓయ్, నాకంటే వేడా?" అని అడిగి పోయేవాడు. నమ్మకపోతే మానేయండి.

కొలిమిలో గాజు గొట్టం, అందులో గోరంత సిలికాన్ బిళ్ల, దానిమీదికి గ్యాసు. కుదిరితే ఆ బిళ్ల మీద నల్లటి కార్బన్ గొట్టాలు నిటారుగా మొలుస్తాయి, చట్రంలో అగ్గిపుల్లలు నిలబడ్డట్టు. వాటిని లెక్కపెట్టబోయిన చీమ సగంలోనే ముసలిదై పింఛను అడిగింది. తెగిన నరాలు ఆ అడవిని పట్టుకుని మళ్లీ పెరుగుతాయని కార్తీశ్వరి ఆశ. ఆమె మా అక్క కూతురు, పెద్ద చదువు చదివింది. నేను ముప్పై ఏళ్లు అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలకు మందు ముంచి, చివరికి ఆమె కొలిమి కాయడానికి చేరాను.

పదకొండుసార్లు వేస్తే పదకొండుసార్లూ మొలవలేదు. రెండువేల ఏడు ఏప్రిల్‌లో, కొలిమి అరువిచ్చినవాళ్లు ఇక కుదరదని దాన్ని తీసుకుపోను లారీ పంపారు. ఆ పొద్దునే పన్నెండోది మొలిచింది!

"పాల్‌పాండి మామా, విరుదునగర్ ల్యాబులో మహేంద్రన్ డాక్టరుకు చూపించు. ఆయన బాగుందని ఫోను చేస్తేదా లారీ సుమ్మా, వట్టిదే తిరిగిపోతాది. బస్సులో కతలు చెప్తా కూర్చోవద్దు!"

"కతలా? నేనా?"

"సీక్రం పో మామా!" బిళ్లను రేకు డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది.

సాత్తూరు దాటేసరికి బస్సు రేకు పెనంలా కాలింది. ఒళ్లో డబ్బా వేడెక్కింది. కంపెనీలో ఎండ ముదిరితే మందు చట్రాల చుట్టూ తడిగోనె కట్టేవాళ్లం, నిప్పంటుకోకుండా. నా చేతులకు ఆ చదువొక్కటే వచ్చు. లోపలి వేడి పోవాలని మూత కొంచెం తెరిచి, తువ్వాలు తడిపి చుట్టాను. ఆరిపోతే మళ్లీ తడిపాను. దారంతా నాకెంత గర్వమో!

మహేంద్రన్ డాక్టరు మైక్రోస్కోపులో చూసి తల ఎత్తాడు.

"నిలబడలేదే! అన్నీ గుంపులు గుంపులుగా ఒరిగిపోయుండాయి. కొలిమి సరిలేదు. లారీవాళ్లను తీసుకుపొమ్మని చెప్పేస్తాను."

"పొద్దున నిలబడే ఉండె డాక్టరయ్యా!"

"అయితే దావలో నీళ్లు తగిలినాయా? తడి ఆరేటప్పుడు అన్నిటినీ దగ్గరికి లాగేస్తాది."

నాకు అబద్ధాలకు కొదవా? సాత్తూరు మీద ఒంటి మేఘం దిగి నా ఒళ్లో మాత్రమే కురిసిందని చెప్పొచ్చు. కొలిమిదే తప్పని ఊరుకోవచ్చు కూడా. ఆయన షెడ్డు ఫోను నంబరు నొక్కుతున్నాడు.

"నేనేదా తడిపినాను అయ్యా. కొలిమి మీద తప్పు లేదు."

ఆయన ఫోను నా చేతికిచ్చాడు.

"కార్తీ, అడవి బాగానే మొలిచిందమ్మా. చంపింది నేను. తడిగుడ్డ చుట్టినాను."

అవతల లారీ ఇంజను మోత. దాని మీదుగా ఆమె అరిచింది, నామీద కాదు. "దింపండన్నా! కొలిమిని దింపండి!" మళ్లీ గొంతు ఫోను దగ్గరికొచ్చింది. "డాక్టరు రాసిస్తే కొలిమిని ఇంకొక నెల ఇక్కడే విడుస్తారంట."

"అయితే రేపే గ్యాసు పెట్టేస్తాను!"

"వద్దు మామా." ఏడుస్తోంది. "నువ్వు ఇంక షెడ్డుకు రావద్దు."

"సరేమ్మా," అన్నాను.

విరుదునగర్ బస్టాండులో సాయంత్రందాకా కూర్చున్నాను. కోవిల్‌పట్టి బస్సులు ఒకదాని వెనుక ఒకటి పోయాయి. అన్నింట్లోనూ సీట్లున్నాయి.