ఆడ గుట్ట ఉండె

హఫీజ్‌పేట్ ఎల్లేశం ముందు మనిషన్నవాడు కూర్చుంటే చాలు, కోతలు మొదలయ్యేవి. వయసులో ఉన్నప్పుడు తన ఒక్క సుత్తె దెబ్బకు గోల్కొండ కోటలో పావురాలు లేచేవట. రెండో దెబ్బకు చార్మినార్ గడియారం ముల్లు ముందుకు దూకేదట. పట్నం జనమంతా అన్నాల వేళ కాకముందే అన్నాలు తినేవారట. మనవరాలు ప్రశాంతి అవి వింటూ, సగం నమ్ముతూ, సగం నవ్వుతూ పెరిగింది.

ఒక్క సంగతి మాత్రం కోత కాదు. ఇప్పుడు హైటెక్ సిటీలో అద్దాల మేడలు నిలబడ్డ చోట ఒక గుట్ట ఉండేది. ఎల్లేశం దాని మీద రాయి కొట్టాడు. కొడుతూ కొడుతూ పాట కట్టాడు.

"ఆడ గుట్ట ఉండె, ఆడ గుడిసె ఉండె,
ఆడ నా సుత్తెకు సోపతి ఉండె..."

ఆడ అంటే అక్కడ. ఆ ఇంట్లో దాన్ని ఎవరూ ఎవరికీ విప్పి చెప్పాల్సిన పని పడలేదు.

బాచుపల్లి కాలేజీలో చివరి ఏడాది ప్రాజెక్టుకు మ్యూజిక్ వీడియో చేయమంటే ప్రశాంతి ఆ పాటే పట్టుకుంది.

"తాతా, నీ మొఖం, నీ గొంతు. ఇంకెవ్వల్ది ఉండది. సరేనా?"

"నా మొఖం సూస్తే మీ కెమెరా పగుల్తది బిడ్డా. దాని మంచి చెడ్డ నువ్వే సూస్కోవాలె" అన్నాడు ఎల్లేశం. అన్నవాడే ఆ సాయంత్రం గడ్డం గీయించుకుని, కొత్త కండువా కొనుక్కుని వచ్చాడు.

కాలేజీ పద్ధతి ఏమిటంటే, వీడియోను ముందు క్లాసులో వేసి చూపాలి. ఎవరేం చెప్పారో వినాలి, విని మార్చాలి. ఎంత బాగా తీశావన్నదాని కన్నా చెప్పింది విని ఎంత మార్చావన్నదానికే మార్కులెక్కువ. మొదటిసారి వేసినప్పుడు గిరీష్ అనే పిల్లవాడు ఆవులించాడు.

"ఏందే ఇది, పాటనా, ఫ్లాట్లు అమ్మే యాడ్‌నా? మబ్బులు, మేడలు, మళ్ల మబ్బులు. మీ తాత వచ్చేసరికి నేనొక నిద్ర తీసి లేసిన."

క్లాసంతా నవ్వింది. ప్రశాంతి లాప్‌టాప్ మూసేసి బయటికి నడిచింది. కానీ ఇంటికి పోయి మళ్లీ చూస్తే వాడన్నది నిజమే. మబ్బులన్నీ తీసి పారేసింది. సుత్తె పట్టీ పట్టీ వంకరపోయిన తాత వేళ్లతో మొదలుపెట్టింది. వాయిద్యాలు తగ్గించి, తాళానికి రాతి మీద దెబ్బ పెట్టింది. రెండోసారి వేసినప్పుడు గిరీష్ ఆవులించలేదు. ఇంకొకరి మాట వింటే పని ఇంతలా బాగుపడుతుందని ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. తెలిసి, ఆ రుచి మరిగింది.

చివరి విడత చూడడానికి ఉదయ్ భాస్కర్ అనే ఐటీ కంపెనీ పెద్దాయన వచ్చాడు. ఆయన మెచ్చిన వీడియోను హైటెక్ సిటీలో ఉన్న వాళ్ల కంపెనీ ఆడిటోరియంలో పెద్ద తెర మీద వేస్తారు. పుట్టింది కాకినాడ, పెరిగింది బెంగళూరు. తెలుగును చుట్టపుచూపుగా వచ్చినప్పుడు పలకరిస్తూ ఉంటాడు. పాట అయిపోయేసరికి ఆయన కళ్లలో నీళ్లు.

"అద్భుతమండి! ఆడ గుట్ట, ఆడ గుడిసె! కొండనీ ఇంటినీ స్త్రీగా ఊహించడం... ఇలాంటి ఆలోచన నేనెక్కడా చూళ్లేదండి. చిన్న ఫీడ్‌బ్యాక్ మాత్రం ఉంది. ఇంత గొప్ప ఆడవాళ్ల పాటని ఆ ముసలాయన ఎందుకు పాడుతున్నారు? ఒక అమ్మాయి చేత పాడించండి. మా మహిళా దినోత్సవానికి ఇదే వేసేద్దాం!"

వెనక బెంచీల్లో నోళ్లకు చేతులు అడ్డం పడ్డాయి. ప్రశాంతి లేచి నిలబడింది. 'అక్కడ' అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఈలోగా ప్రాజెక్టులు చూసే కృష్ణప్రియ మేడం ఆ పిల్ల మోచేయి పట్టుకుని, మంచినీళ్ల వంకన వరండాలోకి తీసుకుపోయింది.

"మాది జనగామనే, నాకు తెల్వదా? గిప్పుడు చెప్తే సారు అందరి ముందల చిన్నబోతడు. నీ వీడియో పోతది. జర ఆడ్నే ఊకో."

ప్రశాంతి ఊరుకుంది. మేడం ఊరుకోమన్నందుకు సగం. పెద్ద తెర మీద తన పేరు పడుతుందన్నందుకు మిగతా సగం.

చందానగర్ చర్చిలో పాడే స్టెల్లాను అడిగితే ఒప్పుకుంది. గుంటూరు పిల్ల, తేనెలాంటి గొంతు.

"ఆడ గుడిసె ఏంటే? మగ గుడిసెలు కూడా ఉంటాయా?"

"చాలా లోతైన భావం. నువ్వు పాడు."

సుత్తె బరువని థర్మకోల్ సుత్తె చేయించారు. కొత్త షూటింగుకు లాప్‌టాప్‌లో జాగా చాలక ప్రశాంతి తాత ఫైళ్లన్నీ తుడిచేసింది. అట్టహాసంగా ఉంటుందని మబ్బులు తిరిగి వచ్చాయి. జానపదమంటే విలువ పెరుగుతుందని ఉదయ్ భాస్కర్ చెబితే, పాట కట్టినవాడి పేరు ఉండాల్సిన చోట 'జానపదం' అని వేసింది.

తాతకు రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంది. ఎల్లేశం మాత్రం కాలనీ అంతా తిరిగి చాటింపు వేశాడు. తెర ఎంత పెద్దదంటే తన ముక్కు పుటంలో మెట్రో రైలు దూరి వెనక్కి తిరిగి రావచ్చన్నాడు.

మహిళా దినోత్సవం రోజు ఇస్త్రీ పంచె కట్టి, మెడలో విజిటర్ కార్డు వేసుకుని, ఆడిటోరియంలో మనవరాలి పక్కన ముందు వరుసలో కూర్చున్నాడు. దీపాలు ఆరాయి. తెర మీద మబ్బులు, మేడలు, ఎర్ర చీరలో స్టెల్లా. ఎల్లేశం కాసేపు తన వంతు ఎప్పుడొస్తుందా అని ముందుకు వంగి చూశాడు. తర్వాత వెనక్కి వాలాడు. ఉదయ్ భాస్కర్ మైకు పట్టుకుని, ఇది తరతరాల ఆడవాళ్ల పాట అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎల్లేశం కూడా కొట్టాడు.

బయట రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడ్డారు. ప్రశాంతి తాత వైపు తిరిగింది.

"తాతా, తిట్టు. ఏమన్నా అను."

"ఏమనాలె? మంచిగున్నది."

"అట్ల కాదు. తప్పేడున్నదో చెప్పు. మారుస్త."

"చెప్పాల్నా?" ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. "గా పిల్ల ఆడ అన్నప్పుడల్లా గుండె మీద చెయ్యేసుకున్నది. ఆడ అంటే ఏలు సూపెట్టాలె బిడ్డా. ఏలు సూపకుంటే అది ఏడున్నట్టు?"

అని చెయ్యెత్తి చూపించాడు. వంకరపోయిన వేలు, వాళ్లు అప్పుడే దిగి వచ్చిన అద్దాల మేడ మీద సూటిగా నిలిచింది.

ప్రశాంతి గబగబా ఫోన్ తీసింది. కెమెరా తాత వైపు తిప్పింది.

"గట్లనే ఉండు తాతా. గట్లనే పాడు. పాతది నా తాన లేదు, తుడిచేసిన. మొత్తం మళ్ల చేస్త. నీ పేరు పెడ్త. సార్‌కు కూడా చెప్త."

ఎల్లేశం వేలు దించాడు. పంచె కుచ్చిళ్లు సర్దుకున్నాడు.

"నేనెట్ల పాడుత? అది ఆడోళ్ల పాటనట గద. సారు మైకుల జెప్పె. మగోణ్ని, నవ్వుతరు."

వేళాకోళమాడాక తాత ఎప్పుడూ తానే ముందు నవ్వేవాడు. ప్రశాంతి ఫోన్ పట్టుకుని ఆ నవ్వు కోసం చూసింది. ఎల్లేశం ఆటోను ఆపి, హఫీజ్‌పేట్ వస్తవా అని అడిగి, ఆమె కన్నా ముందు ఎక్కి కూర్చున్నాడు.