మోకాళ్ళ కింది గోనె

యెషయా బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, మసీదులో పరిచిన చాప కింద ఎక్కడైనా అంచు లేచిందేమో చూస్తున్నాడు. కలకత్తా గార్డెన్ రీచ్ రేవులో ఓడ కూత వేసింది. శుక్రవారం జుమ్మా నమాజుకి ఇంకా పొద్దుంది గాని, అతనికి లేదు. సాయంత్రం మద్రాసు మెయిలెక్కి ఊరెళ్ళిపోతున్నాడు, ఇక రాడు. ఇంట్లో కాంతం అప్పుడే ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంటుంది, మొగుడు మనసు మార్చుకుంటాడేమోనని.

నేలలు పరిచే మేస్త్రీ. మనిషి పొట్టి, మీసం కొంటెది, మోకాళ్ళు మనిషికంటే పదేళ్ళు పెద్దవి. బడ్జ్ బడ్జ్ దాకా ఎన్ని ఇళ్ళ గచ్చుల మీద పాకాడో! మోకాళ్ళ కింద మాత్రం ఎప్పుడూ ఒకటే గోనె. నాలుగు మడతలు పెట్టి కాంతం కుట్టింది.

కిందటేడు ఈ మసీదు కమిటీవాళ్ళు ముచ్చటపడి పాలరాయి వేయించారు. పరిచింది యెషయానే. నేల అద్దంలా మెరిసింది. చలికాలం రాగానే ఆ అద్దం కరవడం మొదలెట్టింది. ముందు కరిచింది ఉసేను సాయిబుని. టెక్కలి నుంచి యెషయాతోపాటే వచ్చి, రేవులో మూటలు మోసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. ఎప్పుడూ మొదటి వరసలో నిలబడేవాడు కాస్తా వెనక గోడవార కుర్చీలో చేరాడు. నుదురు నేలకి తాకక మనసు నిండడం లేదని ఎవరితోనూ అనలేదు. యెషయాతో ఒక్కసారి అన్నాడు.

రైలెక్కేలోగా ఉసేను బావని మళ్ళీ మొదటి వరసలో చూడాలి. యెషయాకి అదే పట్టుకుంది. కమిటీ ఒప్పుకోగానే రాయి మీద జనపనార దళసరిగా పరిచాడు. దాని మీద నిలబడ్డ కమిటీ పెద్ద పడవెక్కిన కొత్త పెళ్ళికూతురిలా ఊగాడు.

"ఏటిరా ఇది, మసీదా, గంగలో నావా?" అన్నాడు ఉసేను.

యెషయా పరిచిందంతా ఎత్తేశాడు. పాదానికి గట్టి నేల కావాలి, మోకాలికి మెత్తటిది. అందరూ మడమలు ఒకే గీత మీద పెట్టి నిలబడతారు కదా! పొడుగువాళ్ళనీ పొట్టివాళ్ళనీ వంగమని, మోకాళ్ళు పడేచోట సుద్దముక్కతో గీశాడు. అక్కడ రెండు పొరలు, నుదురు తాకేచోట ఒకటి, పాదాలకి ఉత్త రాయి. అంచులు కాలికి తగలకుండా ఏటవాలుగా కోసి, అన్నిటి మీదా ఒకటే చాప.

అజా పిలుపు వినబడింది. జనం వచ్చారు. ఉసేను గోడవార తడుముకున్నాడు.

"నా కుర్చీ ఏదిరా?"

"కమ్యూనిస్టోళ్ళు పట్టుకుపోనారు బావా. కుర్చీ ఒకపాలి దొరికితే ఆళ్ళు ఒగ్గుతారేటి?"

"సచ్చినోడా! ఎక్కడ కూకోవాల నాను?"

"కూకోడమేటి? ముందుకెళ్ళి నిలబడు. లెగనేకపోతే నాను లేపుతాను. అలాగే ఎత్తుకెళ్ళి రైల్లో పడేత్తాను."

"లెగనేకపోతే పరువు పోద్దిరా, యెషయా."

"లెగుత్తావు."

వరసలు నిండిపోతున్నాయి. ఉసేను తిట్టుకుంటూనే ముందుకి వెళ్ళాడు. యెషయా గుమ్మం బయట, చెప్పుల పక్కన, గోనె చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

అందరూ సజ్దాకి వంగారు. ఉసేను ఒక మోకాలు దించాడు. ఆగాడు. రెండోదీ దించాడు. నుదురు చాపకి ఆనింది. బయట యెషయా తన మోకాళ్ళు రెండూ బిగించి పట్టుకున్నాడు, లేవాల్సింది అవే అన్నట్టు. వరస లేచింది. చాప మీద ఒక చెయ్యి ఊని ఉసేనూ లేచాడు. ఆ తర్వాతి సజ్దాలకి ఆ చెయ్యి కూడా ఊనలేదు. యెషయా చర్చిలో ఎన్నడూ అననంత గట్టిగా "స్తోత్రం" అన్నాడు, నోరు మూసుకుని.

నమాజు కాగానే ఉసేను అందరినీ తోసుకుంటూ గుమ్మంలోకొచ్చాడు, పెళ్ళికొడుకు మొహంతో.

"ఒరే! లెగిసినాను రా! ఎవుడూ పట్టుకోనేదు!"

చెప్పుల దగ్గర ఎవరూ లేరు. వీడ్కోలు చెప్పించుకోవడం యెషయాకి చేతకాని పని. అతనెక్కిన బస్సు అప్పటికే సందు మలుపు దాటిపోయింది.

కాళ్ళు కడుక్కునే తొట్టి వెనకాల కుర్చీ దొరికింది. దాని మీద ఆ నాలుగు మడతల గోనె, మధ్యలో పక్కపక్కనే రెండు గుంటలు, ఇంకా ఎవరో మోకరించే ఉన్నట్టు.