చవక కీబోర్డు చప్పుడు

చవక మెకానికల్ కీబోర్డు కొనొచ్చా అని మా చెల్లి అడిగిన రోజు దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఆ ధరకు వచ్చేది కీబోర్డు కాదే, గిలక్కాయ! మీట నొక్కితే టక్కుమంటుంది. నాలుగు నెలలు వాడితే ఒకసారి కొట్టిన అక్షరం రెండుసార్లు పడుతుంది. ఉన్న డబ్బు తగలేసుకోవాలని ఉందా?"

"గోల బాగా ఎక్కువా అక్కా?"

"ఎక్కువా? గోడ అవతలివాళ్ళు కూడా చెవులు మూసుకోవాలి!"

"అయితే నాకు అదే కావాలి" అంది.

నాకు ఒళ్ళు మండి లైను కట్ చేశాను.

మాది జంట పని. ఎక్కడో మీటింగులో ఎవరో మాట్లాడుతుంటే విని, ఆ మాటలు అప్పటికప్పుడు తెర అడుగున పడేలా టైపు కొట్టాలి. ఒక్కరే కొడితే వేళ్ళు పడిపోతాయి కాబట్టి వంతులు వేసుకుంటాం. ఎవరింట్లో వాళ్ళం కూర్చుంటాం, హెడ్‌ఫోన్లలో మా ఇద్దరి మధ్య లైను తెరిచే ఉంటుంది. తన వంతు అయిపోయినవాళ్ళు స్పేస్‌బార్ మీద మూడు దెబ్బలు కొట్టి చేతులు పైకెత్తేస్తారు. రెండోవాళ్ళు బదులుగా మూడు దెబ్బలు కొట్టి పని అందుకుంటారు. ఇది ఎంత అలవాటంటే, నిద్రలో కూడా నా బొటనవేలు మంచం పట్టె మీద కొడుతుందని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

చెల్లి మొగుణ్ణి నేను దొరగారంటాను. ఉద్యోగం మానేసి, హాల్లో సోఫా మీద కాళ్ళు చాపుకుని, పెళ్ళాం సంపాదన తినే దొర. చెల్లి గది తలుపు సరిగ్గా ఆ సోఫాకి ఎదురుగా ఉంటుంది. దాని పాత కీబోర్డు మెత్తటిది, ఎంత కొట్టినా బయటికి వినపడదు. లోపల చప్పుడు లేకపోతే దొరగారికి అనుమానం. తలుపు తోసుకుని వచ్చేవాడు. హెడ్‌ఫోన్లో అన్నీ నాకు వినిపించేవి. కుర్చీ పడటం, "పనిలో ఉన్నానండీ" అని అది బతిమాలడం, చెంప ఛెళ్ళుమనడం.

"వచ్చెయ్యవే!" అని అరిచేదాన్ని.

"గుమ్మం దాటితే చంపేస్తాడక్కా. అన్నంత పనీ చేస్తాడు" అనేది.

చివరికి తిట్టుకుంటూనే ఆ గిలక్కాయ కొని పట్టుకెళ్ళాను. చెల్లి కుడిచేతి చూపుడువేలుకి కట్టు ఉంది. పాత కీబోర్డుతోనే కొట్టాడట. కీబోర్డూ విరిగింది, వేలూ విరిగింది. నేను కళ్ళ నిప్పులు కురిపిస్తూ వెనక్కి తిరిగేసరికి దొరగారు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"ఇది బాగుంది వదినా! టకటకలాడుతున్నంతసేపూ నేను లోపలికి రాను. చప్పుడు ఆగిందో, వచ్చేస్తా."

అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. అది అడిగింది కీబోర్డు కాదు, గడియ. ఆ తలుపుకి లోపలివైపు గడియ లేదు మరి. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా ఇంకో సంగతి తట్టింది. చప్పుడు వినపడితే చాలు, కొట్టేది ఎవరో వాడికేం తెలుసు?

ఆ గదికి సందులోకి తెరుచుకునే కిటికీ ఒకటుంది. దాని ఊచల చట్రం మరలతో బిగించి ఉంది. కట్టు విప్పిన దగ్గర్నుంచి చెల్లి, ఎడమచేత్తో మీటలు టకటకలాడిస్తూనే కుడిచేత్తో రోజుకింత మరలు వదులు చేసింది. అది గాలికి ఎగిరిపోయేంత బక్కది కాబట్టి ఆ కిటికీలో పడుతుంది. నేను పట్టను. నా నడుము ఇరుక్కుంటే గోడ పగలగొట్టాలి.

అనుకున్న రోజు మధ్యాహ్నం, పెద్ద మీటింగుంది, ఇద్దరం పక్కపక్కనే కూర్చోవాలని చెప్పి వెళ్ళాను. దొరగారు ముఖం మాడ్చుకుని దారిచ్చాడు. చెల్లి ఫోను ఎప్పుడూ వాడి జేబులోనే ఉంటుంది. నా ఫోను దానికిచ్చి, కంప్యూటర్ నుంచి దానికి లైను కలిపి తీగలేని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

"బస్సు కదలగానే చెప్పు. కదిలేదాకా వీణ్ణి ఇల్లు కదలనివ్వను" అని గుసగుసలాడాను.

"నిన్నేం చేస్తాడో అక్కా..."

"ముందు నువ్వు కదలవే!"

నేను టైపు మొదలెట్టాను. అది చట్రం తీసి మంచం మీద పెట్టి, కిటికీ ఎక్కి, సందులోకి దూకింది. ఖాళీ తెర మీద నేను కొట్టినవన్నీ తిట్లే. దొరగారినీ, దొరగారి ఏడుతరాలనీ, ఆ సోఫానీ కూడా వదల్లేదు. ఎన్నాళ్ళ కసో! వేళ్ళు వాటంతటవే పరిగెడుతున్నాయి. చెవిలో చెల్లి ఆయాసం, వీధి రొద, ఎవరో టికెట్టు అడగడం వినిపించాయి. బస్సు ఇంకా నిలబడే ఉంది.

అప్పుడు చేశాను చెయ్యకూడని పని. వేళ్ళు లాగేశాయి. అంతే, ఏళ్ళ తరబడి చేసినట్టే, బొటనవేలు స్పేస్‌బార్ మీద మూడు దెబ్బలు కొట్టింది. రెండు చేతులూ పైకెత్తి, చెల్లి అందుకుంటుందని కూర్చున్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. హాల్లో సోఫా కిర్రుమంది. చేతులు మీటల మీద పడేలోపే తలుపు గోడకి కొట్టుకుంది.

వాడు చెల్లి ఖాళీ కుర్చీ చూశాడు, మంచం మీద చట్రం చూశాడు, కిటికీ చూశాడు.

"ఎక్కడే అది?" అని గిరుక్కున బయటికి పరిగెత్తబోయాడు.

వెనకనుంచి కాలరు పట్టి లాగాను. మోచేత్తో మూతి మీద పొడిచాడు. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. నా జుట్టు పట్టుకుని తల తలుపు చట్రానికేసి బాదాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. మళ్ళీ బాదాడు. "బస్టాండుకే పోయిందా? దాని కాళ్ళు విరగ్గొట్టి ఈడ్చుకొస్తా!" అని అరుస్తున్నాడు. ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి చాచి, పక్కనున్న బల్ల మీంచి తీగతో సహా కీబోర్డు పెరికి, రెండు చేతులా ఎత్తి వాడి ముఖం మీద కొట్టాను.

మీటలు మొక్కజొన్న గింజల్లా గదంతా ఎగిరిపడ్డాయి. చవక సరుకే గానీ మీటల కింద ఇనుప రేకుంది, అది వంగలేదు. వాడి ముక్కు పగిలింది. కూలబడుతూ నా కడుపులో తన్నాడు. ఊపిరి ఆగిపోయి నేనూ పడ్డాను. మీదెక్కి గొంతు పట్టుకున్నాడు. వాడి నెత్తురు నా కంట్లో పడుతోంది. చేతికి అందిన చోటల్లా కొట్టాను, చెవి మీద, మెడ మీద, మోచేతి మీద. పట్టు సడలింది. వాడి కుడిచెయ్యి నేల మీద ఆనింది.

"ఈ చేత్తోనేనా విరిచింది?" అని అంచుతో దాని మీద దించాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఇంకోసారి దించాను. నిజం చెబుతున్నాను, ఆ రెండో దెబ్బ అవసరమై కొట్టలేదు, కసి తీరక కొట్టాను.

వాడు గావుకేక పెట్టి గుమ్మం వైపు పాకాడు. నేనూ పాకి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. కిటికీలో పట్టని నడుము గుమ్మంలో పనికొచ్చింది. ఎడమచేత్తో గుద్దుతున్నాడు, తంతున్నాడు, పక్కటెముక ఒకటి కలుక్కుమంది. పళ్ళు కొరుక్కుని కదలకుండా కూర్చున్నాను.

మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లోంచి బస్సు ఇంజను రొద వినిపించింది. చెల్లి ఏడుస్తున్నట్టుంది. గోరుతో ఫోను మీద కొట్టింది. టక్, టక్, టక్.

పక్కకి జరిగాను.

"పోరా, ఇప్పుడు పో" అన్నాను.

వాడు వీధి మలుపు దాకా కూడా పోలేకపోయాడు. కేకలు విని ఎవరో పోలీసులకి చెప్పారు. ఇద్దరినీ పట్టుకెళ్ళారు. నా మీదా కేసు పెట్టారు, అది ఇంకా నడుస్తోంది. నన్ను మర్నాడు వదిలారు. చెల్లి వేలి ఎక్స్‌రే చూశాక దొరగారిని మాత్రం వదల్లేదు.

చెల్లి ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఏరి తెచ్చిన మీటలు ఎక్కించుకుని ఆ గిలక్కాయ మీదే పని చేస్తోంది. రెండు మీటలు దొరకలేదు, ఆ చోట అడుగున పొడుచుకొచ్చిన పుల్లల మీదే కొడుతుంది. గోలకి మా ఆయన చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడు.

నిన్న మెత్తటిదొకటి కొనుక్కొచ్చి దాని ముందు పెట్టాను. "ఇంకా ఆ డబ్బా ఎందుకే? ఇక్కడ ఎవరు వినాలని?"

"నేనే వినాలక్కా."

అంటూనే బర్రున నాలుగు వాక్యాలు కొట్టి, ఠక్కున ఆపేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తలుపు వైపు చూస్తూ కూర్చుంది. నేనూ చూశాను. ఎవరూ రాలేదు. ఇంకాసేపు అలాగే కూర్చుని, ముక్కు తుడుచుకుని, మళ్ళీ కొట్టడం మొదలెట్టింది.