స్టేషియా నీలం కోటు

ఐబర్ చివరి గెడను ఇసుకలోకి దించి, పడవ అంచుకు మోకాలు ఆనించి, బరువంతా వేసి నొక్కాడు. రెండు మూరలు దిగి నిలిచింది. మా వెక్స్‌ఫర్డ్ రేవు నోట్లో ఇసుక ఒక ఏడు ఉన్నచోట మరో ఏడు ఉండదు. స్లేనీ నది తెచ్చి పోస్తుంది, సముద్రం చెల్లాచెదురు చేస్తుంది. చలికాలం పోగానే ఆ ఇసుకమేటల మధ్య లోతు వెతికి గెడలు పాతడం ఐబర్ పని. పెద్ద ఓడలు ఎప్పుడో పక్కనున్న లోతైన రాస్‌లేర్ రేవుకు పోయాయి. మిగిలిన ఆల్చిప్పల పడవలవాళ్లు మాత్రం ఆ గెడల్నే నమ్ముకుని ఇల్లు చేరతారు.

గెడ కొసన గుడ్డ లేకపోతే పొగమంచులో కనబడదు. ఆ గుడ్డలు మొదటినుంచీ అతని భార్య స్టేషియావే. పెళ్లాం బట్టలు రేవంతా ఆరేశాడని ఊరు నవ్వేది. నవ్వుతూనే, "ఎర్ర లంగా ఎడమకి, పచ్చ స్వెట్టరు కుడికి" అని కొత్తవాళ్లకు దారి చెప్పేది.

ఈసారి పాతబట్టలు అయిపోయాయి. పొద్దున స్టేషియా మంచంమీదనుంచే గోడకున్న నీలం కోటు చూపించింది. ఆదివారాలు చర్చికి తొడుక్కునే కోటు.

"అది చింపు."

"పిచ్చా నీకు? లేచాక ఏం తొడుక్కుంటావే?"

"లేస్తానా నేను? డాక్టరమ్మ చెప్పింది నువ్వూ విన్నావుగా, ముసలోడా."

ఐబర్ వినిపించుకోనట్టు బూట్లు తొడుక్కున్నాడు. కోటు మాత్రం చంకన పెట్టుకున్నాడు. గాలికి బొత్తాలు పెట్టుకోవే అని పెళ్లయిన నాటినుంచీ దాని గురించి, దానికి ముందున్న కోటు గురించీ పోట్లాడేవాడు. ఆవిడ ఏనాడూ పెట్టుకోలేదు.

ఇప్పుడు పడవలో కోటు ఒళ్లో ఉంది, కత్తి చేతిలో ఉంది. చింపితే ఆమె ఇక లేవదని తనే ఒప్పుకున్నట్టు. చెయ్యి రాలేదు. పోటు ఎక్కుతోంది, పడవలు లోపలికి తిరుగుతున్నాయి. ఇది మలుపు గెడ, ఇక్కడ తప్పితే నేరుగా ఇసుకమీదికే.

"మావా!" ముందు పడవలోంచి స్కాలన్ కేకేశాడు. "మలుపెక్కడ? అత్త ఈ ఏడు గుడ్డలివ్వనందా ఏంటి?"

"ఆగరా కోతీ! కడుతున్నా!"

కత్తి ముడిచి జేబులో వేశాడు. భుజాల్లోంచి అడ్డకర్ర దూర్చి, కోటును కోటుగానే గెడకు కట్టాడు. చలికి కొంకర్లు పోయిన వేళ్లతో చాలాసేపు దాన్ని సర్దుతూ ఉండిపోయాడు. స్కాలన్ కోటును గుర్తుపట్టాడు. మలుపులో పడవ తిప్పుకుని పోయాడు.

ఇంటికొచ్చి ఐబర్ తలగడలు ఎత్తుచేసి ఆమెను రేవు కనబడే కిటికీవైపు తిప్పాడు.

"చింపావా?"

"లేదు."

"మొండిఘటం." ఆమె కళ్లు చికిలించి చూసింది. "ఎవరో ఆడమనిషి నీళ్లమీద నిలబడి పడవల్ని పిలుస్తున్నట్టుంది."

"నువ్వేనే."

"నేనంత లావా!"

ఆ నవ్వు దగ్గులోకి పోయింది. అతను టీ పెట్టుకొచ్చేసరికి దగ్గు లేదు, ఊపిరీ లేదు. ముఖం కిటికీవైపే ఉంది. కప్పు కింద పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని, ఇన్నాళ్లూ ఆమె ముందు ఏడవడానికి సిగ్గుపడినదంతా ఏడ్చాడు. తర్వాత లేచి, పోయినవాళ్లకు మావైపు చేసినట్టే, ప్రాణం వెళ్లడానికి కిటికీ తెరిచాడు.

దూరాన మలుపు దగ్గర, నిండుపోటు మీద, నీలం కోటు గాలికి ఊగుతోంది. అతను పెట్టిన బొత్తాలు మెడదాకా అలాగే ఉన్నాయి.