పై షడ్జం ఇద్దరిది

ఇత్తడి వాసన. క్లారినెట్ మూతిలో తడిసిన రీడు వాసన. ఇరవై మంది ఒక్కసారి ఊపిరి పీల్చే చప్పుడు...

ఆ చప్పుడంటే నాకు పిచ్చి.

నేను వీణ వాయించేదాన్ని. చిన్నప్పటి నుంచీ వీణే. మీటుతాను — స్వరం పుడుతుంది, మోగుతుంది, సన్నబడుతుంది, పోతుంది. పై షడ్జం మరీ తొందరగా పోతుంది. ఎంత బతిమాలినా ఉండదు.

ఒక్కసారి... ఒక్కసారైనా అది పోకుండా నిలబడితే వినాలని నా ఆశ.

అందుకే మన బిలాస్‌పూర్ రైల్వే ఉద్యోగుల బ్యాండు కోసం హంసధ్వని కీర్తన ఒకటి రాసిచ్చాను. ఫ్లూట్లకు, ట్రంపెట్లకు, సాక్సాఫోన్లకు, గంగాళమంత ఉండే ఆ ట్యూబాకు. చివర్లో అందరూ కింద స్వరాలు పరిగెత్తిస్తుంటే, పైన రెండు క్లారినెట్లు షడ్జం పట్టుకుని ఉండాలి. పట్టుకునే ఉండాలి. ఎంతసేపంటే... నా ఆశ తీరేదాకా.

ఊపిరి సంగతి మర్చిపోయాను! వేళ్లతో వాయించేదాన్ని, నాకేం తెలుసు?

మొదటి రిహార్సల్‌లోనే రమణబాబు మొహం కందగడ్డయింది. క్లారినెట్ దించి నా వైపు చూశాడు.

"ఏటి తనూజమ్మా, మమ్మల్ని చంపీద్దామనేటి?"

హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. కానీ ఆ షడ్జం కోసమే కదా ఇదంతా!

దారి ఉంది. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవాళ్లు ఊదాలి. ఆయన తీసుకుంటే ఈయన, ఈయన తీసుకుంటే ఆయన. వినేవాళ్లకు అతుకు తెలియదు.

అంతా బాగానే ఉంది. కానీ ఆ పక్కవాడు జయప్రకాష్. రమణబాబుకి సొంత తమ్ముడు.

పోయిన దుర్గాపూజ కచేరీలో తప్పు స్వరం ఊదింది ఎవరన్నది వాళ్ల తగువు. నువ్వంటే నువ్వు. అప్పటి నుంచి మాటల్లేవు. ఒకే స్కూటర్ మీద రైలింజన్ల షెడ్డుకి డ్యూటీకి వెళ్తారు, ఒకే స్కూటర్ మీద వస్తారు — నోరు మాత్రం విప్పరు. ఏం మనుషులో!

ఒకరి భుజం ఒకరు చూసుకుంటేనే ఊపిరి వంతు తెలుస్తుంది. వాళ్లు చూసుకోరు. ఇద్దరూ పంతంగా బిగబట్టి ఊదుతారు... ఇద్దరికీ ఒక్కసారే ఊపిరి అయిపోతుంది... నా షడ్జం పుటుక్కున తెగుతుంది. ప్రతి రిహార్సల్‌లోనూ తెగింది.

"ఆ చివర కట్ చేసేద్దాం దీదీ," అంది ఫ్లూట్ వాయించే భవిత. "సేఫ్ రహేగా, ఏ గొడవా ఉండదు."

ససేమిరా అన్నాను.

ఈ సాయంత్రం కచేరీ. హాలు నిండిపోయింది. సర్కండా నుంచి, కుదుదండ్ నుంచి ఆటోల్లో దిగారు జనం. పిల్లలు, ముసలివాళ్లు, సమోసా పొట్లాలు. బ్యాండుని నడిపించేది నేనే; ఎదురుగా నిలబడి చెయ్యెత్తాను.

కీర్తన నడిచింది. నడక కాదు, ఉరుకే! ముందు వరసలో ఎవరో తొడ మీద తాళం వేస్తున్నారు. నా ఒళ్లంతా పులకరింత.

చివరికి వచ్చాం. రెండు క్లారినెట్లు పైకి ఎక్కాయి. షడ్జం.

నిలిచింది.

రమణబాబు మెడ నరాలు ఉబ్బాయి. జయప్రకాష్ చెవులు ఎర్రబడ్డాయి. ఇద్దరూ బిగబట్టారు. అయిపోయింది, తెగిపోతుంది అనుకున్నాను. ఓలమ్మో, ఒక్కడైనా చూడండర్రా!

జయప్రకాష్ చూశాడు.

అన్న వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేశాడు. నువ్వు తీసుకో, నేనున్నాను.

రమణబాబు తీసుకున్నాడు. తెగలేదు. అంతలోనే అన్న భుజం కదిలింది — ఇప్పుడు నువ్వు. తమ్ముడు తీసుకున్నాడు. తెగలేదు! అటు... ఇటు... అటు... ఇటు... ఇద్దరి కళ్లల్లోనూ నవ్వు. పెదాలకు నవ్వే వీల్లేదు పాపం, క్లారినెట్ ఉంది.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఎంత సంతోషమో! వింటున్నాను. పోవడం లేదు. సన్నబడటం లేదు.

కింద స్వరాలు అయిపోయాయి. ట్యూబా ఆగింది. జనం చప్పట్లకు చేతులెత్తారు. నేను చెయ్యి దించేశాను.

అన్నదమ్ములిద్దరూ ఆపలేదు...