ఎవరి కుడి?

రైలు కూత వినగానే స్టేషను వీధిలో అందరూ గడప దిగి, ఇంటి మూలన అడ్డుచెక్క తన్నిపెట్టి, మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడతారు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఎర్రిటుక గోడలు, కమాను కిటికీలు, ఇనుప స్తంభాల వరండాలున్న ఆ ఇళ్ళు వందేళ్ళుగా పట్టాల పక్కనే బతికాయి మరి. రైలు కదిలితే, చెక్క అడ్డం లేకుంటే అవీ స్టేషను వైపు వెంట్రుకవాసి జరుగుతాయి.

చివరింటి గార్డమ్మ కూడా రోజూ చెక్క పెట్టేది. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆ పని ఆవిడ మొగుడిది, రైలు గార్డుగారిది. ఆయన పోయి ఏడాదైంది. ఆవిడ ఏడవలేదు. ఏడుపు రావాలి కదా అని కాసేపు కూర్చునేది, రాకపోతే లేచి గిన్నెలు తోముకునేది.

ఆయన పోయిన నెలలోనే, పాత కట్టడాలు కాపాడతామని ఆఫీసువాళ్ళు వీధికడ్డంగా రంగుతో గీత గీశారు. గీతకి లోపల, స్టేషను వైపున్న ఇళ్ళు ఉంటాయి. గీత దాటినవి రోడ్డు కోసం కూలుస్తారు. గార్డమ్మ ఇల్లు మూడడుగులు దాటి ఉంది. కూలిస్తే ఎక్కడికి పోవాలో కూడా ఆవిడ ఆలోచించలేదు.

ఇవాళ ఆఖరి కొలత. కొలతలాయన రెండుసార్లు టేపు పరిచి, కాగితం తిప్పి చూశాడు.

"ఏవమ్మా, ఇల్లు గీతకి నాలుగు వేళ్ళు లోపలే ఉంది. చెక్క పెట్టడం మానేశారా?"

"లేదు బాబూ, రోజూ పెడుతున్నా. కుడిమూలకే."

పక్కింటి తాతయ్య ఒకప్పుడు టికెట్లు కొట్టినాయన. వంగి చూసి నవ్వాడు.

"ఎవరి కుడి అమ్మాయ్? మీ ఆయన వీధిలో నిలబడి ఎడంమూలకి పెట్టేవాడు. నువ్వు కిటికీలోంచి చూసి నేర్చుకున్నావు, లోపల్నించి అదే నీకు కుడి. బయటికొచ్చి కుడికి పెడితే అది స్టేషనుకి వెనకమూల, ఇల్లు ఆగుతుందా?"

"ఏదైతేనేం, లోపలికొచ్చింది. ఇక దీన్ని ఎవరూ ముట్టరు," అని కొలతలాయన రాసుకుని వెళ్ళిపోయాడు.

గార్డమ్మ మెట్టు మీద కూలబడింది. ఆయనైతే ఒక్కపూటా తప్పు పెట్టేవాడు కాదు. ఆయనే ఉంటే ఇల్లు పోయేది.

పన్నెండింటి పాసింజరు కూసింది. ఆవిడ చెక్క తీసుకుని, ఆయన నిలబడే చోటే నిలబడి, ఎడంమూలకి తన్నింది. ఇల్లు ఆగింది. అప్పుడొచ్చింది ఏడుపు. రైలు వెళ్ళిపోయినా ఆగలేదు.