ఆ డబ్బీలో మారే అంకెలు

నిమిషానికోసారి అంకెలు మారే ఆ చిన్న నల్ల డబ్బీని మా బడిలో టోకెన్ అంటారు. అది చూపే అంకెలు కొడితే తప్ప కంప్యూటర్‌లో నేను పిల్లలకు చెప్పే పాఠాలు తెరుచుకోవు. నాకు చూపు సరిగా ఆనదు. అంకెలు చదివి చెప్పే పని నా కూతురు రహఫ్‌ది. పని అయ్యాక డబ్బీని తన స్వెట్టర్ జేబులో వేసుకునేది.

చలికాలంలో రహఫ్ పోయింది. నా మరదలు తన బట్టలన్నీ మసీదు దగ్గర పంచిపెట్టింది. జేబులు చూడాలని ఎవరికీ తోచలేదు.

నా పాఠాల్లో రహఫ్ గొంతు ఉంది. చిన్న తరగతులకు డిక్టేషన్ తనే చదివి రికార్డు చేసింది. పాత పాఠాలన్నీ ఈ సాయంత్రం తీసేస్తామని బడివాళ్లు నోటీసు పెట్టారు. ఆలోపు తెరవకపోతే ఆ గొంతూ పోతుంది.

టోకెన్లు ఇచ్చే ఆఫీసుకు ఫోను చేసి, వాళ్లు వినిపించే సంగీతం వింటూ స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నాను. కెమిస్ట్రీ చెప్పే మునీఫ్ నా ముందు టీ గ్లాసు పెట్టాడు.

"ఇంకా ఆ సంగీతమేనా ఉస్తాద్? అది అయ్యేలోపు మనిద్దరం రిటైరైపోతాం."

ఉస్తాద్. అంటే మాస్టారని. ఇదివరకు అతను నన్నలా పిలిచేవాడు కాదు. జోర్డాన్‌లో, మా ఇర్బిద్ ఊళ్లో, బిడ్డ పుట్టాక మగవాడి సొంత పేరు మూలన పడుతుంది. ఫలానా వాళ్ల తండ్రి, అబూ ఫలానా, అంతే. "కొడుకు పుట్టేదాకా ఆగవయ్యా" అని మునీఫ్ ఎగతాళి చేసినా, నేను అబూ రహఫ్‌నే అన్నాను. రహఫ్‌ను మట్టిలో పెట్టి వచ్చాక, నాకు బాధ కలుగుతుందని అందరూ ఆ పిలుపు మానేశారు. నేనూ ఎవరినీ ఏమీ అనలేదు.

సంగీతం ఆగి, ఫోనులో ఒక అమ్మాయి పలికి నా వివరాలు అడిగింది.

"పేరు, పుట్టిన తేదీ సరిపోయాయి బాబాయ్. ఇక ఒక్క ప్రశ్న. మీరే పెట్టుకున్నారు. మీవాళ్లు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?"

టీ గ్లాసును కాస్త పక్కకు జరిపాను.

"బాబాయ్, ఉన్నారా?"

"ఇప్పుడెవరూ పిలవట్లేదమ్మా."

"ఇప్పటిది కాదండీ, అప్పుడు ఏం పెట్టారో అది చెప్పాలి. లేదంటే అమ్మాన్‌లో మా ఆఫీసుకొచ్చి కనబడాలి మీరు."

మునీఫ్ కిటికీ వైపు తిరిగాడు.

"అబూ రహఫ్," అన్నాను.

"హమ్మయ్య, సరిపోయింది అబూ రహఫ్." ఎంత మామూలుగా అందో! "ఇకనుంచి అంకెలు మీ ఫోనుకే వస్తాయి. పాత టోకెన్ ఆపేస్తున్నా, సరేనా?"

"ఆపితే అది ఆరిపోతుందా?"

"లేదు లేదు. బ్యాటరీ ఉన్నన్నాళ్లూ దాని మానాన అది చూపిస్తూనే ఉంటుంది. మా దగ్గర చెల్లదు, అంతే."

ఊళ్లో ఎక్కడో ఒక పిల్ల ఆ స్వెట్టర్ వేసుకుని తిరుగుతూ ఉండవచ్చు. జేబులో చెయ్యి పెడితే అంకెలు దొరుకుతాయి. అవి ఎవరికి చదివి చెప్పాలో ఆ పిల్లకు తెలియదు.

"ఆపెయ్యమ్మా," అన్నాను.

ఫోనుకు వచ్చిన అంకెలు మునీఫ్ చదివి చెప్పాడు. పాఠం తెరుచుకుంది. మునీఫ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "కాస్త సౌండ్ పెంచు," అని, కొంచెం ఆగి, "అబూ రహఫ్" అన్నాడు.

రహఫ్ ఒక వాక్యం చదివి, పిల్లలు రాసుకోవడానికి ఆగింది. ఆ ఖాళీలో తన ఊపిరి వినబడుతోంది.

"రాసుకున్నారా?" అంది.